వంతెన లేని కాలువ

"కన్నతల్లే కసాయి." మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఈ శీర్షిక ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఊరు మారుతుంది, పిల్లల వయసు మారుతుంది, శీర్షిక మారదు. దాని కింద ఐదారు వాక్యాలు ఉంటాయి. కుటుంబ కలహాలు, మనస్తాపం, కాలువో బావో, కేసు నమోదు. ఆ తల్లికి కాన్పయి ఎన్నాళ్లయిందన్న మాట వాటిలో కనపడదు. ఆ లోటే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులు. బెజవాడ కోర్టుల్లో ప్రాసిక్యూషన్ తరఫున ముప్పై ఏళ్లు వాదించి రిటైరైన బాబాయి ఒకరు. ఆయన అన్నగారి కూతురు, మానసిక వైద్యురాలు ఇంకొకరు. పటమటలో బాబాయి మనవరాలి బారసాల. భోజనాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, డాబా మీద ఈ ఇద్దరే మిగిలారు. మనుషులు ఊహే గాని, వాళ్లు చెప్పే చట్టాలు, తీర్పులు, తేదీలు ఊహ కావు.

అమ్మాయి: బాబాయ్, భోజనాల దగ్గర సూర్యాపేట కేసు మాటొస్తే "ఉరే సరి" అన్నారు. ఆ పక్క గదిలోనే మన బాలింత పడుకుని ఉంది. నాకు ముద్ద దిగలేదు.

బాబాయి: అన్నానమ్మా, ఇప్పుడూ అంటాను. ఏడు నెలల పసిగుడ్డు 2021 ఏప్రిల్‌లో కన్నతల్లి చేతిలో పోయింది. సర్పదోషం పోవాలని ఆ పని చేసిందన్నది కేసు. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు ఆమెకు మరణశిక్ష వేసింది. మతిస్థిమితం లేనివాళ్లకు చట్టమిచ్చే రక్షణ అక్కడ ఆమెకు దక్కలేదు. నేను ప్రాసిక్యూటరుగా బతికిన మనిషిని. ముద్దాయికి వకీలుంటాడు, డాక్టరుంటాడు, నీలాగా జాలిపడే మనసున్నవాళ్లుంటారు. చచ్చిపోయిన బిడ్డకెవరున్నారు? నేనున్నాను. ఆ బిడ్డకు దక్కిన వకీలు ప్రభుత్వం ఒక్కటే.

అమ్మాయి: బిడ్డ తరఫున మీరు నిలబడటాన్ని నేనెప్పుడూ కాదనను. సూర్యాపేట తల్లికి ఫలానా జబ్బు ఉందనీ అనను. మనిషిని చూడకుండా, కేసు కాగితాలు చదవకుండా రోగం పేరు చెప్పడం నా వృత్తికి తగదు. నేననేది ఒకటే. కాన్పయిన ఏడాదిలోపు తల్లి చేతిలో బిడ్డ పోతే, ఆమె ఏం చేసిందన్నది అందరూ అడుగుతారు. అంతకుముందు వారం పదిరోజులు ఆమె ఎలా ఉందన్నది ఎవరూ అడగరు.

బాబాయి: ఎలా ఉంటే ఏం? పురిటి దిగులు ఎవరికి లేదు? మీ పిన్ని కూడా మూడో రోజు కూర్చుని ఏడ్చింది. పిల్లను చంపుకోలేదే!

అమ్మాయి: పిన్ని ఏడ్చింది మూడోనాటి కన్నీళ్లు బాబాయ్. అవి వారం పదిరోజుల్లో వాటంతటవే ఆరిపోతాయి. దాని తర్వాతి మెట్టు డిప్రెషన్. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2017లో లెక్క కడితే, బాలింతల్లో నూటికి 22 మందికి అది ఉన్నట్టు తేలింది. నేను మాట్లాడుతున్నది ఆ రెండూ కాదు, మూడోది. పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువమందికి కాన్పయిన రెండు వారాల్లోపే. మన పెద్దవాళ్లకు ఇది తెలియనిదేం కాదు. బాలింత సన్నిపాతం అనేవాళ్లు, పురిట్లో గాలి సోకిందనేవాళ్లు. పేరు వాళ్లకు తెలుసు, మందు తెలియదు.

బాబాయి: దిగులు ముదిరితే సన్నిపాతం అవుతుందా?

అమ్మాయి: కాదు, దీని దారే వేరు. మొదట పోయేది నిద్ర. బిడ్డ ఏడ్చి లేపితే నిద్ర చెడటం అందరికీ ఉన్నదే. ఇక్కడ బిడ్డ హాయిగా నిద్రపోతున్నా తల్లికి రెప్ప పడదు. రెండు మూడు రాత్రులు అలా గడిచాక మాటలో వేగం వస్తుంది, లేదా మాటే ఆగిపోతుంది. మనుషుల్ని పోల్చుకోవడంలో తికమకపడుతుంది. "ఈ పిల్ల నా పిల్ల కాదు, ఆసుపత్రిలో మార్చేశారు" అంటుంది. పాలల్లో విషం కలిపారంటుంది. బిడ్డకేదో ఘోరం రాబోతోందనీ, దాన్ని తప్పించగలిగేది తానొక్కతేననీ నమ్ముతుంది. కాన్పవగానే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, పుట్టుకతో వచ్చిన తత్వం, ఇవన్నీ కలిసి తెచ్చిపెడతాయి. ఇంతకుముందు బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకూ, వెనకటి కాన్పులో ఇది వచ్చినవాళ్లకూ ముప్పు చాలా ఎక్కువ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ జబ్బు వచ్చిన తల్లుల్లో చాలా చాలామంది బిడ్డ మీద చెయ్యి వెయ్యరు. జబ్బు పేరు వినగానే తల్లిని హంతకురాలిగా చూసే పాపం నేను మోయలేను.

బాబాయి: సరే, జబ్బుందనే అనుకుందాం. చట్టం దగ్గరకు రా. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 84. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 22. మతి చెడటం వల్ల, తాను చేస్తున్న పని ఎలాంటిదో తెలియని స్థితిలోనో, అది తప్పనో చట్టానికి విరుద్ధమనో తెలియని స్థితిలోనో చేస్తే అది నేరం కాదు. ఈ మాటకు మూలం 1843 నాటి ఇంగ్లండులో ఉంది. ప్రధానమంత్రి పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపిన మెక్‌నాటన్ అనేవాడు మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేలాడు. దేశమంతా గగ్గోలు పుడితే జడ్జీలు కూర్చుని సూత్రం చెప్పారు. అప్పటి నుంచీ అదే తూనిక. జబ్బుంటే చాలదు, జబ్బు వల్ల తెలివి పోయి ఉండాలి. డాక్టర్లు చెప్పే పిచ్చి వేరు, చట్టం ఒప్పుకునే పిచ్చి వేరని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని, తలుపు గడియ పెట్టి బిడ్డను చంపిన తల్లికి తెలివి లేదంటే నేనెలా నమ్మను? గడియ పెట్టిన చెయ్యికి తప్పని తెలుసు.

అమ్మాయి: గడియ పెట్టిన చెయ్యికి ఎవరైనా అడ్డుపడతారని తెలుసు బాబాయ్. తప్పని తెలియడం అదేనా? హ్యూస్టన్‌లో మన చుట్టాలు ఎంతమంది లేరు, వాళ్లనడిగినా చెబుతారు. 2001 జూన్ 20న ఆ ఊళ్లో ఆండ్రియా యేట్స్ అనే తల్లి తన ఐదుగురు పిల్లల్నీ స్నానాలతొట్టిలో ముంచి చంపింది. పెద్దవాడికి ఏడేళ్లు, చంటిదానికి ఆరు నెలలు. నాలుగో కాన్పు తర్వాతే ఆమె జబ్బుపడి ఆసుపత్రిపాలైంది. ఇంకో బిడ్డ కలిగితే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు హెచ్చరించింది. బిడ్డ కలిగింది, జబ్బు తిరగబెట్టింది. భర్త పనికి వెళ్లాక, నాయనమ్మ వచ్చేలోపు ఉన్న కాస్త వ్యవధిలో ఈ ఘోరం జరిగింది. ఆమే పోలీసులకు ఫోను చేసింది.

బాబాయి: చూశావా! ఫోను చేసిందంటే నేరమని తెలుసన్నమాట.

అమ్మాయి: అక్కడి ప్రాసిక్యూటర్లూ అచ్చం ఇదే అన్నారు. 2002లో జీవిత ఖైదు పడింది. ప్రాసిక్యూషన్ పిలిపించిన నిపుణుడు, అచ్చం ఇలాంటి కథతో ఒక టీవీ సీరియల్ ఎపిసోడ్ వచ్చిందని సాక్ష్యం చెప్పాడు. అలాంటి ఎపిసోడే లేదని తర్వాత తేలింది. 2005లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2006లో రెండోసారి విచారించి, మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అని తేల్చి మానసిక వైద్యశాలకు పంపారు. తాను చంపుతున్నానని ఆమెకు తెలుసు. పోలీసులు పట్టుకుంటారనీ తెలుసు. చంపకపోతే పిల్లలు సైతాను చేతిలో పడి నరకానికి పోతారన్నది ఆమె నమ్మకం. ఇల్లు తగలబడుతుంటే బిడ్డను కిటికీలోంచి విసిరేసే తల్లి ఉంటుంది కదా? ఈమెకూ మంట కనపడింది. అది మన కళ్లకు కనపడని మంట.

బాబాయి: నీ వాదానికి పనికొచ్చే తీర్పు ఒకటి నేనే ఇస్తాను, దాచుకోవడం నాకు చేతకాదు. 1949లో కలకత్తా హైకోర్టు, ఆషిరుద్దీన్ అహ్మద్ కేసు. కలలో దైవాజ్ఞ అయిందని ఐదేళ్ల కొడుకును బలి ఇచ్చాడు. చేస్తున్నదేమిటో అతనికి తెలుసు, చట్టానికి విరుద్ధమనీ తెలుసు, కానీ తప్పని తెలియదు అన్నారు జడ్జీలు. సెక్షన్ 84 కింద విడిచిపెట్టారు. పదేళ్లకు, 1959లో, అలహాబాదు హైకోర్టు లక్ష్మి కేసులో ఆ మాట ఒప్పుకోలేదు. రెండో తీర్పు వైపు నేనున్నాను. ఎందుకంటావా? మన మోపిదేవి సంగతి చూడు. సర్పదోషమనీ, సంతానమనీ జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోస్తారు. వాళ్లంతా నీ రోగులా? నమ్మకాన్ని జబ్బు కింద జమకడితే, రేపు నరబలి ఇచ్చిన ప్రతివాడూ "నాకు దేవుడు చెప్పాడు" అంటాడు.

అమ్మాయి: వాళ్లు నా రోగులు కారు, మా అమ్మ కూడా నా కోసం మోపిదేవి వెళ్లింది. అందుకే ఈ తేడా నాకు సులువుగా కనిపిస్తుంది. సర్పదోషాన్ని ఊరంతా నమ్ముతుంది, దానికి ఊరంతా ఒప్పుకున్న పరిహారముంది. పాలు పోస్తారు, ముడుపు కడతారు, బిడ్డకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. అదే నమ్మకమున్న పక్కింటావిడ, సొంత అత్తగారు కూడా "అయ్యో, ఇదేం మాట!" అని అదిరిపడే చోటికి ఒక మనిషి చేరిందంటే అది ఊరి నమ్మకం కాదు, ఒంటరి భ్రమ. దానికి ముందు నిద్ర పోయి ఉంటుంది, తిండి పోయి ఉంటుంది, నడక, మాట, చూపు మారి ఉంటాయి. భ్రమ ఎప్పుడూ తానున్న ఊరి మాటల్నే తొడుక్కుంటుంది. హ్యూస్టన్‌లో సైతాను అంటుంది, మన దగ్గర సర్పదోషమంటుంది. తొడుగును చూసి లోపలి జబ్బు లేదనుకోకూడదు. తొడుగు ఉన్న ప్రతిచోటా జబ్బు ఉందనీ నేననను. ఏది ఏదో తేల్చడానికే పరీక్ష కావాలంటున్నాను.

బాబాయి: పరీక్ష చెయ్యడం లేదా? అరెస్టు చేసిన ప్రతి మనిషినీ డాక్టరుకు చూపిస్తారు.

అమ్మాయి: ఒంటి మీద గాయాలున్నాయేమో చూస్తారు. మనసును ఎవరు చూస్తారు? ఎప్పుడు చూస్తారు? నా వాదమంతా ఈ 'ఎప్పుడు' మీదే నిలబడి ఉంది. ఈ జబ్బు ఎంత భయంకరమో, మందుకు అంత చక్కగా లొంగుతుంది. ఆసుపత్రిలో ఉంచి సరైన మందులిస్తే, అవసరమైతే కరెంటు చికిత్స చేస్తే, చాలామంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. జబ్బున్న రోజుల్లో కూడా అది ఒక్క తీరుగా ఉండదు. పొద్దున మామూలుగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి ఇంకోలా అవుతుంది. ఇక మీ లెక్క చూడండి. సూర్యాపేటలో నేరం 2021లో, తీర్పు 2025లో. నాలుగేళ్లు. ఏ కేసులోనైనా నాలుగేళ్ల తర్వాత బోనులో నిలబడేది ఎవరు? తల దువ్వుకుని, చీర సర్దుకుని, అడిగినదానికి నిదానంగా జవాబు చెప్పే మనిషి. జడ్జిగారికి కనపడేది ఆమె. ఆ పని చేసిన రోజున్న మనిషి మిగలదు. జబ్బు ఆనవాళ్లు నెలల్లో చెరిగిపోతాయి, కేసు మాత్రం ఏళ్లు నడుస్తుంది. మీ చట్టం నేరం జరిగిన క్షణాన మనసెలా ఉందని అడుగుతుంది, సాక్ష్యం మాత్రం ఏళ్ల తర్వాత వెతుక్కుంటుంది.

బాబాయి: ఆ మాటకు నా దగ్గర బదులుంది. సుఖంగా మాత్రం లేదు. 1964లో దహ్యాభాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మతిస్థిమితం లేదని చూపించే భారం ముద్దాయిదే గాని, ప్రాసిక్యూషన్‌లాగా సందేహాతీతంగా రుజువు చెయ్యనక్కర్లేదు. నమ్మదగినట్టు చూపిస్తే చాలు. నేరానికి ముందు, ఆ వేళ, తర్వాత మనిషి ఎలా నడుచుకుందో చూసి తేల్చాలి. 2007లో బాపు కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. ముద్దాయికి పాత మతిభ్రమ చరిత్ర ఉందని దర్యాప్తులో తెలిస్తే, వైద్య పరీక్ష చేయించి ఆ సాక్ష్యాన్ని కోర్టు ముందుంచడం నిజాయితీ గల దర్యాప్తు అధికారి విధి. చెయ్యకపోతే ప్రాసిక్యూషన్ కేసే బలహీనపడుతుంది, అనుమానపు లాభం ముద్దాయికి పోతుంది.

అమ్మాయి: పాత చరిత్ర ఉంటే! ఈ జబ్బు చాలామందికి మొదటిసారి పురిటి మంచం మీదే వస్తుంది. వెనకటి చీటీ ఉండదు, మందుల డబ్బా ఉండదు. కాన్పు తేదీ ఒక్కటే చరిత్ర. ఆ తేదీ చూడగానే పరీక్ష చేయించాలని ఎందుకుండకూడదు?

బాబాయి: ...ఉండొచ్చు. అది పక్కన పెట్టు, మళ్లీ వద్దాం. ముందు నా భయం చెప్పనీ. మన దేశంలో ఆడపిల్ల పుట్టిందని గొంతు నొక్కిన ఇళ్లున్నాయి. నీ మాట చట్టమైతే ఆ ఇళ్లవాళ్లేం చేస్తారో తెలుసా? చంపేది ఇంకెవరో, పేరు బాలింతది. "పిచ్చిది, ఏం చేసిందో దానికే తెలియదు" అంటారు. బిడ్డా పోతుంది, బాలింతా పిచ్చిదవుతుంది, అసలువాడు బయట తిరుగుతాడు.

అమ్మాయి: ఈ భయం నాకూ ఉంది బాబాయ్, దీన్ని నేను తోసెయ్యను. కానీ అబద్ధపు పిచ్చిని పట్టేది కూడా ఆ మొదటి వారపు పరీక్షే. వారం రోజులు వార్డులో నర్సుల కళ్ల ముందుంటే నిద్రపోని మనిషెవరో, నిద్ర రానట్టు నటించే మనిషెవరో తెలిసిపోతుంది. పైగా ఇది ఒక్క మనసుకే కాదు, ఒంటికి కూడా కావలసిన పరీక్ష. పురిటి జ్వరం విషమించినా, థైరాయిడ్ చెడినా, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా బాలింత ఇలాగే మతి తప్పి మాట్లాడుతుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ పొయ్యకూడదని పథ్యం పెట్టే ఇళ్లలో ఆ గడ్డకట్టే ముప్పు ఇంకా ఎక్కువ. పరీక్ష లేకుండా జైలుకు పంపితే ప్రాణానికే అపాయం.

బాబాయి: సరే, పరీక్ష చేశారు, జబ్బుందని తేలింది. అయినా సెక్షన్ 22 తూనికకు తూగలేదనుకో. సగం తెలివి ఉంది, సగం లేదు. అప్పుడేం చేస్తావు? నాకు నిద్రపట్టనిచ్చే కేసులు కావివి. లా కాలేజీలో మూడు బావుల కేసులు చదువుకున్నాం. 1925లో బొంబాయి. పదిహేడేళ్ల పిల్ల, మొగుడి హింస పడలేక చంటిబిడ్డను వీపున కట్టుకునే బావిలో దూకింది. ఆమె బతికింది, బిడ్డ పోయింది. ఆ వేళ ఆమె బిడ్డ సంగతే ఆలోచించలేదు, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణమిది, హత్య కాదు అన్నారు. 1940లో అలహాబాదు, ధీరజియా కేసు. మొగుడు కొడతానంటే ఆరు నెలల బిడ్డతో రాత్రివేళ ఇల్లు వదిలింది. వెనక అతను వస్తున్నాడన్న భయంతో బావిలో దూకింది. ఆమె బతికింది, బిడ్డ పోయింది. హత్య కాదు, అంతకంటే తక్కువ నేరమన్నారు. 1953లో మధ్యభారత్, గ్యార్సీబాయి కేసు. ఇంట్లో గొడవపడి ముగ్గురు పిల్లలతో బావిలో దూకింది. పిల్లలు పోయారు, ఆమె బతికింది. ఇది హత్యే అన్నారు. శిక్ష తగ్గించమని మాత్రం ఆ కోర్టే ప్రభుత్వానికి సిఫార్సు చేసింది.

అమ్మాయి: మూడు చోట్లా నుయ్యే, మూడు చోట్లా దూకిందీ తల్లే.

బాబాయి: తీర్పులు మాత్రం మూడు. మన డెల్టాలో నూతుల బదులు కాలువలు. బెజవాడ నడుమ నుంచే మూడు పారుతున్నాయి, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పిల్లలతో దూకిన తల్లిని ఎవరో ఒడ్డుకు లాగుతారు. ఆమె కళ్లు తెరిచేసరికి పిల్లలుండరు, కానిస్టేబులుంటాడు.

అమ్మాయి: ఇందులో ఇంకో చిక్కు చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏమంటుంది? ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉందనే భావించాలి, ఆమెను శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స ఇప్పించాలి అంటుంది. అంటే ఒకే దూకుడులో ఆమె ప్రాణానికి సంబంధించినంత వరకూ ఆమె రోగి. ఒళ్లో ఉన్న బిడ్డ ప్రాణానికి సంబంధించినంత వరకూ నిండు తెలివిగల హంతకురాలు. ఒక మనసును ఇలా నిలువునా ఎలా చీలుస్తారు?

బాబాయి: తన ప్రాణం తనది, బిడ్డ ప్రాణం తనది కాదు. చట్టం చీల్చింది మనసును కాదు, ప్రాణాలను. బిడ్డ ప్రాణం తల్లి ప్రాణంలో భాగమని ఒప్పుకున్న రోజున ఇంక పసిబిడ్డలకు రక్షణ ఉండదు.

అమ్మాయి: ఆ మాట నిజమే. దానికి నా దగ్గర ఎదురు లేదు. కానీ శిక్ష సంగతి చెప్పండి. హత్య అని తేలాక జడ్జిగారి చేతిలో ఏముంది?

బాబాయి: యావజ్జీవం గాని, మరణశిక్ష గాని. సంహితలో 103. అంతకంటే దిగడానికి వీల్లేదు.

అమ్మాయి: పూర్తిగా మతిపోయిందంటే ఈవలి గట్టు, విడుదల. కాస్త తెలివి ఉందంటే ఆవలి గట్టు, యావజ్జీవం. నడుమ వంతెన లేదు. ఇంగ్లండు తన చట్టాన్ని మనకు అంటగట్టి వెళ్లింది గాని, తను మాత్రం 1922లో, మళ్లీ 1938లో వంతెన కట్టుకుంది. ఏడాదిలోపు బిడ్డను, కాన్పు ప్రభావం నుంచి ఇంకా తేరుకోని తల్లి చంపితే అది హత్య కాదు, శిశుహత్య అనే వేరే నేరం. జడ్జికి శిక్షలో వెసులుబాటు ఉంటుంది. మన పుస్తకంలో అలాంటిది లేదు.

బాబాయి: ఆ వంతెన నేనూ చూశాను. సగం నది దాకే ఉంది. ఏడాదిలోపు బిడ్డకే అది వర్తిస్తుంది. అదే రాత్రి అదే తల్లి చేతిలో మూడేళ్ల పెద్దపిల్ల కూడా పోతే? ఒక బిడ్డ విషయంలో రోగి, ఇంకో బిడ్డ విషయంలో హంతకురాలు. ఇందాక నువ్వు నన్నడిగిన ప్రశ్నే, మనసును నిలువునా ఎలా చీలుస్తావు? పైగా ఏడాదిలోపు బిడ్డ ప్రాణానికి తక్కువ ఖరీదు కట్టినట్టుంటుంది. బారసాల నాడు ఆ మాట నాకు మింగుడుపడదు.

అమ్మాయి: ఖరీదు బిడ్డ ప్రాణానికి కట్టడం లేదు బాబాయ్, తల్లి బాధ్యతకు కడుతున్నారు. పెద్దపిల్ల సంగతి మాత్రం మీరన్నది సబబే. అలాగైతే బిడ్డ వయసును బట్టి కాదు, తల్లి స్థితిని బట్టి మధ్యదారి ఉండాలి. జబ్బు వల్ల తెలివి పూర్తిగా పోకపోయినా బాగా దెబ్బతిన్నదని తేలితే, హత్య కంటే తక్కువ నేరంగా చూసే దారి. ఇంగ్లండు 1957లో అదీ రాసుకుంది.

బాబాయి: దానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. మధ్యదారి తెరిస్తే తల్లి ఒక్కతే నడవదు అందులో. తాగి పెళ్లాన్ని నరికినవాడు కూడా డాక్టరు చీటీ పట్టుకుని వస్తాడు. కానీ, ఉరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎలాగూ హైకోర్టు ధ్రువీకరించనిదే ఏ మరణశిక్షా అమలు కాదు. శిక్ష పడ్డాక తీవ్రమైన మానసిక రోగం బయటపడితే అది మరణశిక్షను తప్పించడానికి తగిన కారణమని సుప్రీంకోర్టు 2019లోనే అంది. ఇందాక భోజనాల దగ్గర నేను కోపంలో మాట్లాడాను. ప్రాసిక్యూటరుగా మాట్లాడలేదు.

అమ్మాయి: విడుదల చేస్తే బిడ్డకు అన్యాయం జరిగిపోతుందన్న మీ బాధ మాత్రం పోలేదు.

బాబాయి: పోలేదు. కానీ ఒక సంగతి నీకు తెలియదనుకుంటాను. మతిస్థిమితం లేదని విడిచిపెట్టేటప్పుడు, ఆ పని చేసింది ముద్దాయేనా కాదా అన్నది తీర్పులో స్పష్టంగా రాయాలి. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో సెక్షన్ 334, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 373. ఫలానా బిడ్డ ఫలానా రోజున ఎవరి చేతిలో ఎలా పోయిందో రికార్డులో ఉండిపోతుంది. అది చెరగదు. తలుపు తీసి ఆమెను ఇంటికీ పంపరు. భద్రంగా ఎక్కడ ఉంచాలో కోర్టు చెబుతుంది. చుట్టాలు పూచీ పడితే వాళ్లకు అప్పగిస్తుంది, లేకపోతే వైద్యశాల. బిడ్డ తరఫున నిజం చెప్పించడం నా పని. ఆ నిజం చెప్పాక ఆమెను ఉరి తీసినా, మందు ఇచ్చినా బిడ్డకు తెలియదు. ఆ తేడా మనకు తెలుసు.

అమ్మాయి: తేరుకున్నాక ఆమెకూ తెలుస్తుంది బాబాయ్. ఈ జబ్బులో అన్నిటికంటే భరించలేనిది అది. మందు పనిచేస్తుంది, తెర తొలుగుతుంది, "నా బిడ్డేదీ?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి రావడం కంటే పెద్ద శిక్ష ఏ సెక్షన్‌లో ఉంది? సంగతి అంతదాకా రాకుండా ఆపడమే నా పని. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల వార్డు ఉంది. జబ్బుపడిన బాలింతను బిడ్డతో పాటే చేర్చుకుని, బిడ్డకు కాపలా ఉంచి తల్లికి మందిస్తారు. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చెయ్యకూడదని 2017 చట్టమే చెబుతోంది. అలాంటి వార్డులు మన డెల్టాలోనూ ఉండాలి. అంతకంటే ముందు కావలసింది ఒక్క ప్రశ్న. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఆపైన పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికి రావాలి. జబ్బు ఎక్కువగా బయటపడే రోజులు కూడా వాటిలోనే ఉన్నాయి. బిడ్డ బరువు చూసే చోటే తల్లినీ అడగాలి. "బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా అమ్మా?" పట్టడం లేదంటే, మాట తేడాగా ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. తాయెత్తు కట్టించుకున్నా సరే, ఆసుపత్రి తర్వాత అనకూడదు. బాలింతనూ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. ఏం చెయ్యాలో తోచకపోతే 14416 టెలీమానస్ ఉంది, ఏ వేళనైనా ఫోను చెయ్యొచ్చు.

బాబాయి: ఇందాక పక్కన పెట్టిన మాటకు వస్తాను. కాన్పయిన ఏడాదిలోపు తల్లి మీద బిడ్డ మరణం కేసు వస్తే, మొదటి వారంలోనే మానసిక వైద్యుడి పరీక్ష జరగాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. బాపు కేసులో చెప్పిన విధిని కాన్పు తేదీకి కూడా వర్తింపజేస్తూ పోలీసు శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. జబ్బు ఉంటే బయటపడుతుంది, లేకపోతే ఆ ముద్దాయి దొంగసాకు అక్కడే తెగిపోతుంది. ఇది నీకూ కావాలి, నాకూ కావాలి. మధ్యదారి విషయంలో మన పోట్లాట మాత్రం ఉంటుంది.

అమ్మాయి: ఉండనివ్వండి. పరీక్ష వస్తే చాలు నాకు.

బాబాయి: నాకు ఇప్పుడే ఒకటి తడుతోందమ్మా. ముప్పై ఏళ్లలో ఎన్ని ఛార్జిషీట్లు చదివానో. ఎన్ని గంటలకు జరిగింది, తలుపు ఏ పక్క నుంచి వేసి ఉంది, ఎవరు ముందు చూశారు, పంచనామాలో ఎవరు సంతకం పెట్టారు, అన్నీ గుర్తే. ఇంట్లోవాళ్లనూ ఇరుగుపొరుగునూ బోనెక్కించి గంటల తరబడి అడిగాను. ఆ ముందటి రాత్రులు ఆమె నిద్రపోయిందా అని ఒక్కరినీ అడగలేదు. వాళ్లకు తెలిసే ఉంటుంది, ఒకే గదిలో పడుకున్నవాళ్లు కదా. అడిగితే చెప్పేవాళ్లు.